ఒక్క మెతుకు సాక్ష్యం

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే. బియ్యమన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడుకుతాయి గనక ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. కానీ ఈ సాక్ష్యం అన్నిచోట్లా చెల్లుతుందా? మా గోదావరి గట్లనే తీసుకోండి. ఏటా వరద వచ్చేది, పోయేది, గట్టు నిలిచేది. నిలిచిన ప్రతి ఏడూ ఒక్కో మెతుకన్నమాట. 1986 ఆగస్టు వరద ఆ మెతుకుల్లో లేదు. గట్లు తెగి డెల్టాలో ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనకోడలు తన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి చెబుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. ప్రోగ్రాము రాశాక దాన్ని వేలసార్లు నడిపించి చూస్తారట. తప్పు కనబడకపోతే జనం మీదికి వదులుతారట.

"మెతుకు పట్టి చూడడమేగా?" అన్నాను.

"అంతే అత్తయ్యా. కాని ఇంకో దారి ఉంది. స్కూల్లో జామెట్రీ సిద్ధాంతాలు రుజువు చేసేవాళ్ళం చూడు, అలా ప్రోగ్రామునీ రుజువు చెయ్యొచ్చు" అంది.

నేను బి.ఏ. చదివిన మనిషిని. అయినా ఈ పోలిక అందింది. త్రిభుజంలో కోణాలు కలిపితే 180 డిగ్రీలని నమ్మడానికి ఊళ్ళో త్రిభుజాలన్నీ కొలవక్కర్లేదు కదా! ఒకసారి తర్కంతో తేలితే రేపు గీయబోయేదానికీ అది వర్తిస్తుంది.

మరి అందరూ అలా ఎందుకు చెయ్యరు? ఖర్చు, టైము. దానికి తోడు మనందరికీ ఉన్న ఒక నమ్మకం. పదిలంగా చేసే మనిషి నెమ్మదిగా చేస్తుంది, చకచకా చేసే మనిషి చేతిలో గిన్నెలు పగులుతాయి అని. ఈ మాట నేనొప్పుకోను.

1993 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఉపగ్రహంతో సహా బంగాళాఖాతం పాలైంది. నియంత్రణ ప్రోగ్రాములో ఒక సంఖ్య తన హద్దు మీరిందని తరువాత తేలింది. సరిదిద్ది, 1994 అక్టోబరు 15న మనవాళ్ళు మళ్ళీ ఎగరేసి గెలిచారు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 తొలిసారి లేచి, నిమిషమైనా గడవకుండా ఆకాశంలోనే ముక్కలైంది. అక్కడా అదే జబ్బు, కుంచెడు బియ్యం సోలలో పొయ్యబోయారు. పట్టకపోతే ఏం చెయ్యాలో చూసుకునే కాపలా ఏడు సంఖ్యలకు కావాలి. నాలుగింటికే పెట్టారు. కంప్యూటరు మీద భారం 80 శాతం దాటకూడదని మిగతా మూడింటికీ మానేశారు. పాత ఏరియాన్ 4కి ఆ పొదుపు సరిపోయింది. కొత్త రాకెట్టు దారి వేరైనా అదే ప్రోగ్రామును దీనికీ తగిలించారు. విడ్డూరం ఏమిటంటే, కొత్తదాంట్లో ఆ ముక్కకు రాకెట్టు లేచాక పనే లేదట!

అదృష్టం, రెండిట్లోనూ మనుషులు లేరు.

ఇక్కడ ఆ కాపలా మానెయ్యడాన్ని నేను తప్పు పట్టను. రుజువు లేకుండా మానేశారే, అదీ నా బాధ. బీరువాకి తాళం వేశానని నిశ్చయంగా తెలిసిన ఇల్లాలు హాయిగా సినిమా చూస్తుంది. తెలియనావిడ మూడుసార్లు లేచి ఇంటికి పరుగెడుతుంది. ఫలానా తప్పు జరగనే జరగదని ముందే రుజువైతే, ప్రోగ్రాము మాటిమాటికీ ఆగి వెనక్కి చూసుకోవలసిన పనిలేదు. 2009లో సిడ్నీలోని శాస్త్రజ్ఞులు ఎస్.ఇ.ఎల్. 4 అనే ప్రోగ్రామును ఇలాగే రుజువు చేసి చూపించారు. ప్రోగ్రాము సుమారు 8,700 వరుసలు, దాని రుజువు రెండు లక్షల వరుసలు! అయినా వేగంలో అది తన జాతివాటికి తీసిపోదు. చాకిరీ అంతా ముందే చేసి పెట్టుకున్నారు మరి.

కథలో తప్పు దొర్లితే పాఠకురాలు ఉత్తరం రాసి చీవాట్లు పెడుతుంది, అంతటితో సరి. ఇంకొకరి ప్రాణం ఆధారపడే పనిలో "ఇప్పటిదాకా బాగానే నడిచింది" అనే హక్కు మనకెవరిచ్చారు? టైము లేదనే మాట చెప్పేవాళ్ళు వేరు, దాని ఫలితం అనుభవించేవాళ్ళు వేరు.

అలాగని రుజువు చేతికొస్తే నిశ్చింతా అంటే, అదీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుందనే అది హామీ ఇస్తుంది. చెప్పడంలోనే లోటుంటే? హిరణ్యకశిపుడు ఎంత పకడ్బందీగా వరం అడిగాడు! మనిషి చేత వద్దు, మృగం చేత వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, లోపల వద్దు, బయట వద్దు. వరంలో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అయినా సంధ్యవేళ గడప మీదికి నరసింహస్వామి రానే వచ్చాడు. అంతర్వేది వెళ్ళినప్పుడల్లా నాకు ఆ వరం రాసుకున్న తీరే తలపుకొస్తుంది.

"ఆసుపత్రిలో మందు చుక్కచుక్కగా ఎక్కించే యంత్రం ఉంటుందే, దానికి ఏమని రాస్తారు?" అని అడిగాను.

"రోగికి హాని జరగకూడదని."

"హాని అంటే?"

అది కాసేపు ఆలోచించింది. "డాక్టర్లని, నర్సులని కూర్చోబెట్టి అడగాలి అత్తయ్యా. అడిగి రాసుకోడానికే నెలలు పడుతుంది."

"మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చునే మనిషిని కూడా అడుగుతారా?"

అది ఫోను తీసి ఆ ప్రశ్న రాసుకుంది.