బొమ్మ ఎవరు అడిగారు?

సవర ఇళ్లల్లో గోడబొమ్మ ఊరికే వెయ్యరు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, చనిపోయిన పెద్దలు కలలోకి వచ్చినప్పుడు, కొత్త పంట ఇంటికి చేరినప్పుడు వేస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, చివర నలగ్గొట్టిన పుల్లతో, బియ్యప్పిండి తెలుపుతో సూర్యుడు, చంద్రుడు, గుర్రం మీద మనిషి, చెట్టు, వరసగా నిలబడ్డ జనం. అది పెద్దలకు ఇల్లు. వాళ్లు అడిగితేనే వేసేది. వేసినవాడి పేరు గోడ మీద ఉండదు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఇంటర్ అయ్యాక పట్నంలో బొమ్మల కాలేజీలో చేరాడు. పేరు చెప్పం, మాలో ఒకడనుకోండి. రెండో ఏడాదికి తోటి విద్యార్థిని మీద మనసు పడ్డాడు. ఆమె కొండ ఎక్కి ఎరగదు. వానలో, బస్టాపు దగ్గర, గొడుగు తిరగబడితే పకపకా నవ్విన ఆ అమ్మాయిని గీయాలని వాడి కోరిక. మాస్టారు మాత్రం "నీకెందుకయ్యా అవన్నీ? మీ గోడబొమ్మ వెయ్యి, దానికే విలువ" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ పక్క కుర్రాడు సముద్రం గీసినా, రైలు గీసినా "మీ కులం బొమ్మ వెయ్యి" అని ఎవరూ అనలేదు. ఈ తేడా గూడెం దాటి చదువుకున్న మాకందరికీ తెలిసిందే. మెచ్చుకోలు కూడా ఒక్కోసారి కంచె అవుతుంది.

సరే, ఆ అమ్మాయిని గోడబొమ్మ పద్ధతిలోనే వేస్తే? మాలో మాకు పెద్ద వాదన జరిగింది. పెద్దల ఇంట్లో నీ ప్రేమకేం పని అన్నారు కొందరు. గోడల మీదికి సైకిలు, విమానం ఎప్పుడో ఎక్కాయి కదా, గొడుగు ఎక్కితే తప్పేమిటని మరికొందరం.

జన్‌గఢ్ సింగ్ శ్యామ్ సంగతి కూడా వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కి చెందిన పర్ధాన్ గోండు. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆయన్ని భోపాల్ తీసుకువెళ్లారు. పర్ధానులు బానా వాయిస్తూ పాటగా పిలిచే దేవుళ్లకు ఆయన కాగితం మీద రూపం కట్టాడు. 1989లో పారిస్ ప్రదర్శనకు వెళ్లాడు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ అక్కడే చనిపోయాడు, ఇంటికి అంత దూరంలో. ఆయన తెచ్చిన పద్ధతితో ఇవాళ ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. పాట బొమ్మ కావడం తప్పని ఆ కుటుంబాల ముందు నిలబడి మేం అనలేం. ఆ ఒంటరి చావును మరచిపోనూ లేం.

పిల్లవాడు చివరికి ఎర్ర రంగు పూసిన కాగితం మీద తెల్లగా అమ్మాయిని, గొడుగుని వేశాడు. "మీ గోడ మీద నన్నూ వేస్తావా?" అని ఆమె ఒకసారి నవ్వుతూ అడిగిందట. ఆమె ఇష్టపడింది తననా, తన గోడనా అన్నది వాడికింకా తేలలేదు. మన పద్ధతిలో అయితే బాణం, కల్లుకుండ పట్టుకుని పెద్దలు పిల్ల ఇంటికి వెళతారు. పట్నంలో ఆ గుమ్మం ఎటుందో వాడికి తెలీదు.

సెలవులకు వచ్చి బొమ్మ అవ్వకు చూపించాడు. అవ్వ చాలాసేపు చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"ఎవరు అడిగార్రా?" అంది సవరలో.

మార్కుల కోసం మాస్టారు అడగలేదు. డబ్బిచ్చి ఎవరూ అడగలేదు. పెద్దలు అసలే అడగలేదు. "ఒక పిల్ల అడిగింది" అన్నాడు.

"బతికున్న మనిషేనా?"

"బతికే ఉంది అవ్వా."

పెద్దలకు బొమ్మ వేశాక అన్నం, కల్లు పెట్టకుండా ఊరుకోరు. అవ్వ అదే లెక్కన అడిగింది: "మరి ఆ పిల్లకి ఏం పెట్టావు?"

వాడు కాగితం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. దాని మీద ఇంకా పేరు రాయలేదు.