ముప్పై మూడు తర్వాత ముప్పై నాలుగు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నా కోపం గురించి మా అమ్మ ఈ మాటే అనేది. మైపాడు దగ్గర ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పాను. బడిలో బిడ్డల్నీ, ఇంట్లో భార్యనీ కసిరిన ప్రతిసారీ ఆ మాటే అడ్డం పెట్టుకున్నాను. గీత మూడో అధ్యాయం 33వ శ్లోకం కూడా నా పక్షమే అనుకునేవాణ్ణి. జ్ఞాని సైతం తన ప్రకృతిని బట్టే నడుస్తాడు, నిగ్రహం ఏం చేయగలదని అడిగింది సాక్షాత్తూ కృష్ణుడే కదా!

నిరుడు డాలస్‌లో మా అబ్బాయి బౌలింగ్ ఆడుతుంటే చూశాను. క్రికెట్‌ది కాదు, బంతిని దొర్లించి పిన్నుల్ని పడగొట్టే ఆట. 60 అడుగుల అవతల పది పిన్నులు. బంతి దొర్లే లేన్ మీద సుమారు 40 అడుగుల వరకు నూనె రాస్తారు, ఆపైన పొడి. వాడి సంచిలో రెండు బంతులున్నాయి. ఒకటి పాలియెస్టర్‌ది, అందరూ ప్లాస్టిక్ బంతి అంటారు. నున్నటి పైపొర కాబట్టి చివరిదాకా ఇంచుమించు తిన్నగానే పోతుంది. మిగిలిపోయిన ఒంటి పిన్నును కొట్టడానికి అది. రెండోది రియాక్టివ్ రెజిన్. దాని పైపొర నిండా కంటికి కనపడని రంధ్రాలు. మణికట్టు తిప్పి వదిలితే నూనె మీద అదీ తిన్నగానే జారింది. పొడి తగలగానే పట్టు దొరికి, ఒంపు తిరిగి పిన్నుల్లోకి దూసుకుపోయింది. యూరిథేన్ బంతి ఈ రెండింటికీ నడుమది, దాని ఒంపు నిదానంగా ఉంటుంది.

"లోపల ఏముంది?" అన్నాను.

"బరువు దిమ్మ నాయనా. దాన్ని మనం మార్చలేం. పైపొరను మార్చుకోవచ్చు" అని గరుకు ప్యాడ్ తీశాడు. దాంతో రుద్దితే బంతి త్వరగా పట్టుకుంటుంది, మెరుగు పెడితే ఆలస్యంగా తిరుగుతుంది. విసిరిన ప్రతిసారీ తువ్వాలుతో నూనె తుడిచాడు. తుడవకుంటే ఆ రంధ్రాలు నూనె తాగి, బంతి పోనుపోను ఒంపు తిరగడం మానేస్తుందట.

ఊరికొచ్చాక మైపాడు సముద్రపు ఒడ్డున బిడ్డల ఆట చూస్తూ కూర్చున్నాను. తడి ఇసుక మీద ఏ బంతయినా సాఫీగా దొర్లుతుంది. పొడి ఇసుకలోకి వచ్చాకే దేని నడక ఏమిటో బయటపడుతుంది. నా కోపమూ అంతే. రోజు సాఫీగా గడిస్తే నాకన్నా శాంతమూర్తి లేడు. అన్నం ఆలస్యమైతే, బిడ్డ లెక్క తప్పితే అది తిరిగేది.

ఆ రాత్రి గీత మళ్లీ తెరిచాను. 34వ శ్లోకం: ఇంద్రియాలకు రాగద్వేషాలు ఉండనే ఉంటాయి, వాటికి వశం కావద్దు. ఉంటాయనడం దిమ్మ సంగతి, వశం కావద్దనడం పైపొర సంగతి. పోగొట్టుకోలేనిదాన్ని పోగొట్టమని కృష్ణుడు అడగలేదు. నేనే ఇన్నేళ్లూ ముందు శ్లోకం దగ్గర పుస్తకం మూసేశాను.

ఇప్పుడు పడుకోబోయే ముందు ఆ రోజు ఎవరిని కసిరానో తలుచుకుంటాను. తెల్లారాక వాళ్ల దగ్గరికెళ్లి తప్పయిందని చెబుతాను. కోపం పోలేదు, కానీ పేరుకోవడం లేదు. "నా స్వభావం ఇంతే" అని మీ నోట వచ్చిన రోజున, దయచేసి ఇంకొక్క శ్లోకం చదవండి.