రిటైర్మెంట్ ఉద్యోగానికే, ధమ్మానికి కాదు



యాభై దాటాక ఒక దిగులు పట్టుకుంటది. పిల్లలు రెక్కలొచ్చి పోతారు. కొలువు అయిపోతది. "ఇక నాతో ఎవరికేం పని?" అనిపిస్తది. ఇది తలరాత కాదు. తథాగతుడు చెప్పిన అనిత్యం ఇదే. కుర్చీ, జీతం, ఒంట్లో సత్తువ ఏదీ నిలవదు. పోయేదాన్ని పట్టుకొని వేలాడటమే దుఃఖం.

బాబాసాహెబ్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించినప్పుడు ఆయనకు 44 ఏళ్లు. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న ధమ్మదీక్ష తీసుకునేనాటికి 65. షుగర్ జబ్బు పీడిస్తున్నా బుద్ధుని మీద పెద్ద గ్రంథం రాశారు. దీక్ష తర్వాత ఆయన బతికింది 53 రోజులే. కానీ ఆ దీక్షే మనకు కొత్త పుట్టుక. బుద్ధుడు కూడా 80 ఏళ్ల వయసులో, కుశీనగరంలో చివరి ఘడియల్లో, సుభద్దుడికి ధమ్మం బోధించాడు.

మరి మనం? రిజర్వేషన్‌తో కొలువు దొరికింది, పెన్షన్ వస్తోంది. వాడలో పిల్లలు ఇంకా బడి మానేస్తున్నారు. ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసిన చెయ్యి ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపలేదా? చదువు రాని పెద్దమ్మ హోటల్లో రెండు గ్లాసుల సంగతి చెప్తే చాలు, పిల్లలకు అదే చరిత్ర పాఠం.

ఈ ఆదివారం విహారానికి రండి. ఒక పిల్లవాడి బాధ్యత తీసుకొని వెళ్లండి.

భవతు సబ్బ మంగళం.