సర్వాయి పాపన్న తోబుట్టువు

కొన్ని నెలల క్రిందట మా యింట జరిగిన చిన్న ముచ్చటతో ఈ వ్యాసమును మొదలిడుచున్నాము. రాత్రి భోజనములైన పిదప పిల్లలకు సర్వాయి పాపన్న కథ చెప్పుచుంటిమి. కల్లుగీత వృత్తివారి యింట పుట్టినవాడు మొగలు పాదుషా ఫౌజుదారులను ఎదిరించి నిలిచిన ఘట్టములు వచ్చినపుడెల్ల పిల్లల కన్నులు వెలుగుచుండెను. అతడు దండు కూర్చుకొనుటకు ముందు, విధవయు ధనవంతురాలునైన తన తోబుట్టువును కొట్టి ఆమె సొత్తు దోచుకొనెనని చరిత్రమున గల మాటను గూడ దాచక చెప్పితిమి. వెంటనే తొమ్మిదేండ్ల మనుమరాలు, "తాతా, మరి ఆమె ఏమైంది?" అని అడిగెను.

మాకు జవాబు తోచలేదు. మేము చదివిన చరిత్రలో ఆమె ఆ యొక్క వాక్యముతోనే కనుమరుగగుచున్నది. మరునాటినుండి ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. మనకు ప్రియమైన వీరుడు చేసిన తప్పును ఏమి చేయవలెను? దాచవలెనా, సమర్థింపవలెనా, ఆ తప్పు చూపి వీరునే త్రోసివేయవలెనా?

మొదట ఆ ప్రేమ ఎట్టిదో చూతము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారికి పాపన్న పరాయివాడు కాడు. సూర్యాపేటనుండి జనగామ దారి పట్టి, అటనుండి ఓరుగంటివైపు కొంత సాగినచో, రఘునాథపల్లి మండలమున ఖిలాషాపురములో అతని కోట గలదు. అంతకంటె దగ్గరి బంధము మరియొకటి గలదు. 1946 మొదలు 1951 వరకు ఈ నల్లగొండ సీమలో దొరల గడీలపై, నిజాము రజాకార్లపై తిరుగబడినవారి మనుమలును మునిమనుమలును నేడు ఈ యూళ్లలో కాపురము చేయుచున్నారు. వెట్టి చేసిన చేతులు తలయెత్తి నిలిచిన కథ వారి యిండ్లలోని కథయే. కావున మూడువందల యేండ్ల క్రిందటి గీతకాని కొడుకు ఓరుగల్లుపై దండెత్తినాడన్న మాట విని వారి గుండె పొంగుట సహజము. అతని అనుచరులని పాటలలో వినవచ్చు పేర్లలో హిందువులవియు ముస్లిములవియు గలవు. కులము నిర్ణయించిన పనికి లోబడననుట, అన్ని కులములవారిని చేరదీయుట, ఈ రెండును మెచ్చదగినవే. నేడు ఆగస్టు 18వ తేదీన ప్రభుత్వపరముగా అతని జయంతి జరుగుచున్నది. ఆ గౌరవమును మేము తప్పుపట్టుట లేదు.

ఇక రెండవ ప్రక్క చూతము. పాపన్న తరికొండయొద్ద చిన్నకోట కట్టుకొని, హైదరాబాదు ఓరుగల్లుల నడుమ పోవు వర్తకులను దోచెను. స్థానిక ఫౌజుదారులు తరుమగా పడమటికి పోయి కౌలాస్ జమీందారు వెంకటరావు కొలువున చేరెను. అచటను దోపిడి మానకపోవుటచే చెరసాల పాలయ్యెను. తిరిగివచ్చి షాపురమున బలపడిన పిదప, 1708లో మొహరము దినములలో ఓరుగల్లుపై పడి నగరమును కొల్లగొట్టెను. ధనముతోపాటు మనుష్యులను గూడ చెరపట్టెను. అందు ఆ నగరపు ఖాజీ భార్యయు చిన్న కూతురును గలరు. ఆ బాలికను ఆటపాటలు నేర్పించి తన వినోదమునకై ఉంచుకొన దలచెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసినాడు.

ఇచట కొందరు మిత్రులు మమ్ము ఆపుదురు. ఖాఫీఖాన్ మొగలు పక్షమువాడు గదా, శత్రువు వ్రాత నమ్మదగునా యని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. శత్రువు వ్రాసిన తిట్లను మేమును నమ్ముట లేదు. కాని తిట్టు వేరు, సంగతి వేరు. ఓరుగల్లు దాడియు, చెరపట్టిన కుటుంబములును ఆ కాలమున నలుగురెరిగిన సంగతులు. మరియు పాపన్న పరాక్రమమును, అతని కోటల దార్ఢ్యమును మనకు తెలిపినదియు చాలవరకు ఆ వ్రాతయే. గెలుపుల వరకు సాక్షిగా గ్రహించి, తప్పుల యొద్దకు రాగానే అతడు అబద్ధీకుడనుట న్యాయము గాదు. ఇంగ్లండువారి రాబిన్‌హుడ్ నిజముగా జీవించెనో లేదో ఎవరును తేల్చలేరు. అతని కథను వారు తమకు తోచినట్లు దిద్దుకొనవచ్చును. మన పాపన్న నిజముగా బ్రదికినవాడు. అతనివలన నష్టపడినవారును నిజముగా బ్రదికినవారే.

మరికొందరు, పాదుషాలు దోచలేదా, రాజులు స్త్రీలను చెరపట్టలేదా, ఒక్క పాపన్ననే ఏల అడుగవలె నందురు. దోచిరి, చెరపట్టిరి, అందుకు వారినిగూడ అడుగవలసినదే. కాని ఈ సమర్థనవలన పాపన్న యేమగుచున్నాడో ఆలోచింపుడు. పాదుషా చేసిన పనియే యితడును చేసినచో, పాదుషాను ఎదిరించిన వీరుడను మాటకు అర్థమేమి మిగిలినది? పైవాని పీడనను త్రోసిపుచ్చినవాడు, ఆ పీడనను తన క్రిందివారిపై ప్రయోగింపనపుడే గదా లోకమున క్రొత్తది పుట్టుట!

ఇచట ఒక జాగ్రత్త అవసరము. 1709లో బహదూరుషా పాదుషా హైదరాబాదు వచ్చినపుడు పాపన్న పదునాలుగు లక్షల రూపాయలు కానుకయిచ్చి ఖిల్లతు పొందెను. నగరపు పెద్దలు మండిపడిరి. ఆ కోపములో రెండు గొంతులు కలిసియుండెను. ఒకటి, నీచకులమువానికి దర్బారులో గౌరవమా యనునది. రెండవది, మా యిండ్ల స్త్రీలను చెరపట్టినవానికి సత్కారమా యనునది. మొదటిది దురహంకారము, దానిని నేటికిని కాలదన్నవలసినదే. రెండవది కన్నవారి కడుపుకోత. దానిని నేటికిని వినవలసినదే. కులగర్వులు మాటాడుచున్నారని తల్లుల యేడ్పునకు గూడ చెవులు మూసికొనుట ఒక తప్పు. తల్లుల యేడ్పు సాకుగా కులగర్వమునకు చోటిచ్చుట ఇంకొక తప్పు.

పాపన్న చరిత్రను స్త్రీల వైపునుండి చదివితిమేని ఒక వింత కనబడును. కౌలాస్ చెరనుండి అతనిని విడిపించినది అతని కత్తి కాదు. జమీందారు భార్య, బందీలను విడిచినచో రోగపీడితుడైన తన కుమారుడు కోలుకొనునని నమ్మి, చెరలోనివారిని వదలించెను. ఒక స్త్రీ దయచే పాపన్నకు బ్రదుకు మరల దొరకెను. ఆ దయను అతడు షాపురపు చెరలోనివారిపై చూపలేదు. 1709లో అతడు కోట విడిచి పొరుగు భూస్వామిపై ముట్టడికి పోయియుండగా, చెరలోనివారు సంకెళ్లు కోసికొని కోటను వశపరచుకొనిరి. వారికి ఆకురాళ్లను అన్నములో దాచి పంపినది ఎవరో కాదు, పాపన్న భార్యయే. ఆమె సోదరుడు ఆ చెరలో నుండెను. అతని పతనమునకు అదియే నాంది. 1710లో పట్టుబడగా తల నరికి పాదుషా కొలువునకు పంపిరి.

అతడు తన తోబుట్టువును దోచి బ్రదుకు మొదలిడెను. అతని భార్య తన తోబుట్టువును కాపాడుకొనుటతో అతని కోట చేజారెను. దీనిని దైవశిక్ష యని మేము చెప్పబోము. ఇంటిలోని వారికి అన్యాయము చేసి వెలుపల న్యాయము నిలుపజూచువాని కట్టడము లోపలినుండియే బీటలు వారునని మాత్రము చెప్పుదుము. ఒకని వీరత్వమును తూచునపుడు అతడు ఎంతటి బలవంతుని ఎదిరించెనని మనమందరము అడుగుదుము. తన్ను ఎదిరింపలేని వారియెడల ఎట్లు నడచుకొనెనని ఎందరము అడుగుదుము? పాదుషా ఎదుట పాపన్న నిలిచినాడు. విధవయైన తోబుట్టువు ఎదుట, ఖాజీ కూతురి ఎదుట నిలువలేకపోయినాడు.

అయినచో ఏమి చేయవలెను? విగ్రహములు కూల్చవలదు, పాటలు మాన్పవలదు. మన పెద్దలలో ఎవరిని మనము లోపము లేనివారని ప్రేమించుచున్నాము? తండ్రి కోపిష్ఠి యని తెలిసియు తండ్రిని ప్రేమింతుము. ఆ కోపము బిడ్డలకు అంటకుండ చూచుకొందుము. వీరునిపై ప్రేమయు అట్లే యుండవలెను. తప్పును దాచిన ప్రేమ పిల్లలకు ఒక పాఠము నేర్పును: గెలిచినవాడు ఇంటి ఆడుబిడ్డను కొట్టినను ఫరవాలేదని. ఆ పాఠము నేర్చిన పిల్లవాడు రేపు ఏ కోటనైనను పట్టునో లేదో గాని, తన యింట మాత్రము తప్పక ఆచరించును.

మొన్న ఆగస్టులో మనుమరాలు మరల ఆ కథ అడిగెను. ఈసారి మేము కోట కట్టుటతో గాక ఆ తోబుట్టువుతో మొదలుపెట్టితిమి. ఖాజీ కూతురిని విడువలేదు, ఆకురాయి పంపిన భార్యను విడువలేదు. పిల్లలు మునుపటికంటె శ్రద్ధగా వినిరి. కథ ముగిసిన పిదప ఆ పిల్ల కొంతసేపు ఊరకుండి, "పాపన్న మంచోడా, చెడ్డోడా?" అని అడుగలేదు, "వాళ్లక్కకు సొమ్ము తిరిగి ఇచ్చి ఉంటే బాగుండేది తాతా" అనెను. ఇంతకంటె మంచి తీర్పు మాకును తోచలేదు.