అభయశాసనమూ ఓడల ప్రకటనలూ

ఓరుగల్లు రాజధానిగా పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం, సముద్రవర్తకులకు ప్రభువు రాతిమీద చెక్కించి ఇచ్చిన మాట కనుక, అభయశాసనంగా ప్రసిద్ధికెక్కింది. తుపానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకొని అంత సాహసానికి ఒడిగట్టినవారిపై దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసం, కూపశుల్కమనే నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఆ శాసనం చెబుతుంది. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు.

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనీయాల్లో, అంటే మనిషిని వర్ణధర్మం నుంచి భ్రష్టుణ్ణి చేసే పాపాల్లో, చేర్చింది. అటువంటి ప్రయాణానికి సిద్ధపడినవాడికి అభయమివ్వడాన్నే గణపతిదేవుడు ధర్మంగా ఎంచడం గమనార్హం. అయితే సముద్రం ముందు మనిషి మనిషికి ఏపాటి అభయం ఇవ్వగలడు?

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మహానౌకల కంపెనీలు గోడపత్రాల ద్వారా ఇచ్చిన జవాబు వేరు. 1935లో ఫ్రెంచి చిత్రకారుడు కసాండ్ర్ నార్మండీ నౌకకు గీసిన పత్రంలో ఓడ ముందుభాగం ఆకాశాన్నంటే గోడలా నిలుస్తుంది, దాని అడుగున చిన్న పక్షులు చుక్కల్లా ఎగురుతుంటాయి, సముద్రం మాత్రం ఒక సన్నని పట్టీగా మిగులుతుంది. కళగా అది అపూర్వమే. కానీ అది భయాన్ని పోగొట్టేది భయకారణాన్ని కంటికి దూరం చేసి. ఆ కారణం మాత్రం ఎక్కడికీ పోలేదు, దాని బరువూ అందరిపై ఒకేలా పడలేదు: 1912లో టైటానిక్ ఓడతో సుమారు 1,500 మంది మునిగిపోయినప్పుడు, మూడో తరగతివారిలో అధికులు ప్రాణాలు కోల్పోయారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్‌కు కూలికి వెళ్లిన తెలుగువారు ఓడ పైతట్టు మీదే, ఎండకూ వానకూ ఓర్చి, ప్రయాణించారు; గోడపత్రాల్లోని విలాసం వారి కోసం కాదు.

గణపతిదేవుడు సముద్రాన్ని చిన్నదిగా చూపలేదు, ఓడ మునగదని చెప్పలేదు. తుపాను చేసే నష్టానికి తన అధికారం మరో నష్టాన్ని కలపదన్నాడు; మనిషి ఇవ్వగల అభయానికి అదే హద్దు, దానిలోనే అతని నిజాయితీ ఉంది. అయితే అటువంటి మాట ఇచ్చిన రాజు అధికారంతోపాటే నిలుస్తుంది, కూలుతుంది. కాకతీయ రాజ్యం అంతరించాక, 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ శాసనం వేయించవలసి వచ్చింది.