‘ఇన్ డ్యూ కోర్స్’ అంటే ఎప్పుడు?



ఆఫీసుల్లో అర్జీ పెట్టుకున్నవాళ్లకు ఈ ఇంగ్లీషు మాట తెలుసు. మీ విషయం ‘ఇన్ డ్యూ కోర్స్’ పరిశీలిస్తాం అంటారు. తెలుగు ఉత్తరంలో అయితే ‘తగు సమయంలో’ అని రాస్తారు. తేదీ ఉండదు. ఎవరు చేస్తారో ఉండదు. కాదనలేదు కాబట్టి కొట్లాడలేం, అలాగని ఔననీ అనలేదు.

మాటలో తప్పు లేదు. నాటు వేసిన రైతు ‘తగు సమయంలో పంట వస్తుంది’ అంటే నిజమే. నీళ్లు పెడుతున్నాడు, కలుపు తీస్తున్నాడు. విత్తకుండానే ఆ మాట అంటే? బుద్ధ భగవానుడు బోధించిన ప్రతీత్య సముత్పాదం ఇదే కదా: కారణాలు ఉంటేనే ఫలితం. కాలం ఒక్కటే దేన్నీ తెచ్చిపెట్టదు.

గడువు రాసుకున్నా పని మొదలుకాకపోతే అంతే. 14 ఏళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్యను పదేళ్లలో అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని 1950 నాటి రాజ్యాంగం 45వ అధికరణంలో ఉంది. 1960 దాటిపోయింది. విద్యను ప్రాథమిక హక్కు చేసిన 86వ సవరణ 2002లో వచ్చింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఈలోగా బడికి దూరమైన పిల్లల బాల్యం మళ్లీ రాలేదు.

‘బాబాసాహెబ్ కూడా 21 ఏళ్లు ఆగారుగా’ అనొచ్చు. 1935లో యేవలాలో ప్రకటించి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఆ ఏళ్లలో ఆయన చదివారు, రాశారు, జనాన్ని సిద్ధం చేశారు. అది ఎదురుచూపు కాదు, సేద్యం.

మరి మనం? 22 ప్రతిజ్ఞలు చేసి, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టిస్తాం. అడిగితే ‘పెద్దవాళ్లున్నారు, మెల్లగా మారతాంలే’ అంటాం. ఉపకులం దాటి సంబంధం చూడమంటే ‘ఇంకా టైం రాలేదు’ అంటాం. ఆఫీసు మనకు చెప్పిన మాటనే మనం ధమ్మానికి చెప్తున్నాం.

పెద్దవాళ్లతో తగువు పెట్టుకోమని కాదు. నచ్చజెప్పడానికి టైం పడుతుంది. కానీ నచ్చజెప్పడం మొదలుపెట్టామా? ఆఫీసులో అడగండి: ఏ తేదీకి, ఎవరు చేస్తారు? ఇంట్లో మిమ్మల్ని మీరు అడగండి: దీనికోసం ఈ వారం నేనేం చేశాను? జవాబుంటే అది ఓర్పు. లేకపోతే పాళీలో దాని పేరు పమాదం, అంటే ఏమరుపాటు. తథాగతుడు చివరిగా హెచ్చరించింది దాని గురించే.

డ్యూ అంటే మన వాడుకలో బాకీ. పిల్లలకు చదువు రాజ్యం పడ్డ బాకీ. చేసిన ప్రతిజ్ఞ మనం పడ్డ బాకీ. మొదటిది గట్టిగా అడుగుదాం, రెండోది తీర్చడం మొదలుపెడదాం.

నమో బుద్ధాయ!