చేతులకు చలి, ఛాతీకి కాపు

ధనుర్మాసం పొద్దున్నే రావులపాలెం నుంచి అమలాపురం బండి మీద వెళ్లేవారికి ముందుగా కొంకర్లు పోయేవి వేళ్లే. "మనదేమన్నా లంబసింగా, గ్లౌజులెందుకు?" అంటారు. నిజమే, ఇక్కడ మరీ అంత చలి ఉండదు. కానీ 50 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చర్మం మీది వెచ్చదనాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. కాలవగట్టు మంచుకు తడిసిన ఉన్ని గ్లౌజు ఆరుతూ ఆరుతూ చేతిని ఇంకా చల్లబరుస్తుంది. అందుకే మందం కన్నా గాలి చొరబడని పైపొర ముఖ్యం. మరీ దళసరివైతే క్లచ్, బ్రేకు పట్టు తెలియదంటారు. ఆ మాట సబబే. అసలు కిటుకు ఛాతీ దగ్గరుంది. ఒళ్లు చల్లబడితే శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి వేళ్లకు రక్తం తగ్గించేస్తుంది. చొక్కా మీద విండ్‌చీటర్ వేసి, మణికట్టు దగ్గర సందు మూస్తే పలచటి తోలు గ్లౌజులే చాలు. సైలెన్సర్ దగ్గర చేతులు కాచుకోవడం మాత్రం వద్దు, మొద్దుబారిన వేలికి కాలిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.